మా ఆయన నోట్లో ఎవరివో మాటలు

మా ఇంట్లో మాట్లాడే పని మా ఆయనది, కోప్పడే పని నాది. పెళ్లయిన నాటి నుంచీ ఈ పంపకం సాఫీగానే సాగింది. ఆయన బనగానపల్లె మామిడి మండీలో వేలం పిలిచే మనిషి. నేను ఇంటి ముందు గదిలో మిషను వేసుకుని జాకెట్లు కుడతాను. మండీ మా వీధి చివరనే కాబట్టి పండ్ల కాలంలో ఆయన గొంతు నా మిషను చప్పుడును కూడా దాటుకుని వచ్చేది. ఏ రాశి ఎంతకు పోయిందో నాకు కూర్చున్న చోటే తెలిసిపోయేది.

మండీ సంగతి తెలియనివాళ్ల కోసం చెబుతాను. రైతు తెచ్చిన కాయలను ఎండుగడ్డి మీద రాశి పోస్తారు. వ్యాపారులు చుట్టూ మూగుతారు. మధ్యలో నిలబడి ఈయన ధర పిలుస్తారు. ఇక పెంచేవాళ్లు లేరనుకున్నప్పుడు ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అంటారు. మూడోసారి అనేశాక ఆ రాశి ఆ మనిషిదే. రైతు కాదనకూడదు, కొన్నవాడు వెనక్కి తగ్గకూడదు. పాట నడుస్తున్నంతసేపూ పిలిచే మనిషి నోటి నుంచి ఏ మాట వచ్చినా అది పాటలో భాగమే. సరదాకు కూడా ఇంకో మాట అనకూడదని ఆయన ఆ కాసేపూ దగ్గు కూడా ఆపుకునేవారు.

అట్లాంటి గొంతుకే గడ్డ వచ్చింది. కర్నూలులో ఆపరేషన్ చేశారు. మనిషి దక్కాడు, గొంతు దక్కలేదు. ఆ రోజుల గురించి ఇంతకు మించి రాయను. ఏడవవలసింది అప్పుడే ఏడ్చేశాను.

డాక్టరమ్మే చెప్పింది, ట్యాబులో రాస్తే అది పైకి చదివి వినిపిస్తుందని. కర్నూలులోనే ఒక దుకాణంలో కొన్నాం. చవకలో వచ్చిందని సంబరపడ్డాం. చవక ఎందుకో తరువాత తెలిసింది. తెర మీద ఏ తెలుగు కనిపిస్తే దాన్ని చదివే యాప్ అందులో వేయించుకున్నాం. ఆయన వేలితో రాస్తారు, అది మగగొంతుతో పలుకుతుంది. మొదటి రోజు ఆయన రాసిన మాట నాకింకా గుర్తుంది.

"ఏమ్మే, పప్పులో ఉప్పు ఎక్కువ పడుండాది" అంది ట్యాబు.

గొంతు ఆయనది కాదు, సాధింపు మాత్రం అచ్చంగా ఆయనదే! నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. గరిటె పట్టుకుని ఏదో అనబోతున్నాను, అంతలో అదే గొంతు, అదే వరసలో, "ఈ రోజే కొనండి! త్వరపడండి!" అంది.

ఇద్దరం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. తెర నిండా వంటనూనె డబ్బా బొమ్మ. ఆ ట్యాబుతో పాటే పుట్టిన ప్రకటనలట అవి. తెర వెలిగిస్తే ఒకటి, అక్షరాలు కొట్టే చోట ఒకటి, ఉన్నట్టుండి తెరంతా కప్పేసేది ఒకటి. మన యాప్‌కు ఏది మా ఆయన రాసిందో, ఏది కంపెనీ రాసిందో తేడా తెలియదు. తెలుగు కనిపిస్తే చాలు, చదివేస్తుంది. నెట్ ఆపేస్తే ప్రకటనలు ఆగుతాయి గానీ, ఆ గొంతు కూడా నెట్ మీదనే నడుస్తుంది. వేరే యాప్‌లూ వేసి చూశాం. అవి తెలుగును నోట్లో వక్క పెట్టుకుని మాట్లాడినట్టు పలికాయి.

మొదట్లో నవ్వుకున్నాం. పక్కింట్లో ముసలాయన పోయినప్పుడు మాత్రం నవ్వు రాలేదు. పలకరించడానికి పోయి ఈయన ఎంతో ఓపికగా రాశారు. "అమ్మా, ధైర్యంగా ఉండండి" అని ట్యాబు చదివింది. ముసలాయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వెంటనే, "మీ కలల ఇంటికి సులభ వాయిదాలు!" అంది అదే గొంతు. ఆ తల్లి పాపం తల ఊపింది. నేను మా ఆయన చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాను. మా గుమ్మం ఎక్కేదాకా ఆయన తల ఎత్తలేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. బొమ్మలు చూపించుకుంటే చూపించుకో, దుకాణం పెట్టుకుంటే పెట్టుకో. నా మొగుడి నోట్లో మాటలు పెట్టడానికి నువ్వెవరు? ఇన్నేళ్ల కాపురంలో ఆ పని చేయడానికి నాకే ధైర్యం చాలలేదు.

అయినా ఆయన మండీకి పోవాలనే పట్టుమీద ఉన్నారు. వేలంలో అనవలసిన మాటలు, ధరలు అన్నీ ముందే రాసి పెట్టుకున్నారు. వేలు తాకిస్తే చాలు, మెడలో వేలాడే చిన్న స్పీకరు గట్టిగా పలుకుతుంది. మండీ సావుకారు పాత అభిమానం కొద్దీ సరేనన్నాడు. అప్పటికి కాయ ఇంకా పలచగానే దిగుతోంది. రెండు మూడు రాశులతో పరీక్ష చూద్దామన్నాడు.

ఆ రోజు నేను ఇంట్లోనే మిషను ఆపి చెవి రిక్కించి కూర్చున్నాను. స్పీకరు గొంతు మా గుమ్మం దాకా వచ్చింది. ఒకటోసారి అంది. రెండోసారి అంది. ఆ తరువాత ఏదో అంది, అది మూడోసారి కాదు. తరువాత పెద్ద గోల.

కాసేపటికి సావుకారే మా ఆయనను వెంటబెట్టుకుని వచ్చాడు. జరిగింది ఆ సావుకారే చెప్పాడు. రెండోసారికీ మూడోసారికీ మధ్యలో తెర మీదికి ప్రకటన వచ్చిందట. "ఒకటి కొంటే ఒకటి ఉచితం!" అని మండీ అంతా మోగిందట. పాడిన వ్యాపారి ఎగిరి గంతేశాడట.

"పిలిచేటాయప్ప నోట్లోంచి వచ్చినాక అయిపాయ! ఈ రాశి కొంటి, పక్క రాశి ఉచితం. మాటంటే మాటే" అన్నాడట.

పక్క రాశి రైతు తలగుడ్డ విప్పి నడుముకు బిగించి, "నా కాయ ఎవనికప్పా ఉచితం?" అని మీదికి వచ్చాడట. సగం మంది నవ్వారు, సగం మంది నిజంగానే వాదానికి దిగారు. మన మండీలో పాట మధ్యన వచ్చిన మాటకు అంత విలువ మరి. చివరికి ఆ పాటనే రద్దు చేసి మళ్లీ మొదటి నుంచి సావుకారే పిలిచాడట.

"చెల్లెమ్మా, నేను ఆయప్పను వద్దనేటోన్ని కాదు" అన్నాడు సావుకారు, మంచినీళ్ల చెంబు చేతిలోనే పెట్టుకుని. "ఈడ నడిచేది మాట మీదనే. ఆయప్ప నోట్లోంచి ఎవరివో మాటలు వస్తే రైతు నన్ను నమ్మడు. కాయ జోరుగా దిగేలోపల దాన్ని బాగు చేపించుకోని రాండి. లేదంటే నంద్యాల నుంచి ఇంకో మనిషిని పిలిపించుకుంటా. నాకూ గతి లేదు."

సావుకారు పోయాక మా ఆయన ట్యాబును నా గుడ్డలు కత్తిరించే బల్ల మీద బోర్లించి పెట్టారు. ఆ పూట ఒక్క మాట రాయలేదు. మరునాడూ రాయలేదు. మాట్లాడలేకపోవడం నేను చూశాను, దానికి అలవాటు పడ్డాను. మాట్లాడడం మానేయడం వేరు. అది నేను చూడలేకపోయాను.

ట్యాబు సంచిలో పెట్టుకుని కర్నూలు బస్సెక్కాను. దుకాణంవాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది కంపెనీ పెట్టిండేదక్కా. తీసేకి రాదు" అన్నాడు.

"ఎందుకు రాదు?"

"తక్కువ రేటుకు ఇచ్చిండేది అందుకే కదక్కా. ప్రకటనలు చూస్తారనే."

"చూసేకి మాకేం అడ్డం లేదు నాయనా. నా మొగునితో చెప్పిస్తాండారు కదా!" అన్నాను. దుకాణంలో ఉన్నవాళ్లంతా ఇటు తిరిగారు. వాడు పళ్లికిలించి ఇంకో బేరానికి పోయాడు.

తిరుగు బస్సులో నాకు ఒకటే ఆలోచన. ఎవరో కుట్టిన కుట్టే కదా ఇది. కుట్టిన చెయ్యి ఉన్నప్పుడు విప్పే చెయ్యి ఉండదా? నా బతుకంతా విప్పడమే. చేతులు బిగుతని ఒకరు, మెడ లోతని ఒకరు. గుడ్డ చిరగకుండా కుట్టు మాత్రమే విప్పడం నాకు వచ్చినంత ఎవరికి వచ్చు? బస్సు దిగేసరికి కోపం పోయి, ఒక రకమైన హుషారు పట్టుకుంది.

మరునాటి నుంచి జాకెట్లు పక్కన పడేశాను. ఫోనులో వీడియోలు చూడడం, ట్యాబులో వెతకడం. సెట్టింగుల లోపల సెట్టింగులు, వాటి లోపల ఇంకా సెట్టింగులు. ఎక్కడో అడుగున, 'మీకు నచ్చే సూచనలు' అని చాలా మర్యాదగా ఒక మాట, దాని పక్కన నీలం రంగు మీట. ఆపాను. తెర వెలిగించినప్పుడు వచ్చే ప్రకటన పోయింది! మళ్లీ వెలిగించాను, రాలేదు. నేను వేసిన కేకకు మా ఆయన పెరట్లో నుంచి పరుగెత్తుకొచ్చారు. చూడండి చూడండి అని ఆయనకు వెలిగించీ ఆర్పీ చూపించాను. ముఖంలో ఏ భావమూ లేకుండా చూశారు గానీ, పోకుండా నా పక్కనే స్టూలు లాక్కుని కూర్చున్నారు.

అక్షరాల దగ్గర ఉండేది ఇంకో మీటకు పోయింది. ఫొటోల దగ్గరిది ఇంకో మీటకు. దొరికిన ప్రతి మీటకూ నాకు పూనకమే. మీకు నచ్చేవి, మీ కోసం, మీ సౌకర్యార్థం, పేర్లు మాత్రం ఎంత తియ్యగా పెట్టారో! పిలవని పేరంటానికి వచ్చి తాంబూలం మాకే ఇచ్చినట్టు. అయితే తెరంతా కప్పేది మాత్రం చావలేదు. మండీలో పరువు తీసింది అదే. దానికి మీట లేదు, తీసేసే దారి లేదు, పేరు కూడా అర్థం కాని ఇంగ్లీషు ముక్క.

అప్పుడు మా ఆడబిడ్డకు ఫోను చేశాను. కడపలో ఉంటుంది, ఇంట్లోనే కూర్చుని కంప్యూటరు పని చేస్తుంది. అన్న సంగతి అనగానే ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని దిగిపోయింది.

"వదినా, నువ్వు దీన్ని శానా దూరం తెచ్చినావే!" అంది ట్యాబు చూసి.

"మీ అన్న కోసం కాదులే. నాకు కోపమొచ్చి" అన్నాను.

"తెలుసులే" అని నవ్వింది.

కత్తిరించే బల్ల మీద గుడ్డలు పక్కకు నెట్టి ల్యాప్‌టాప్ పెట్టింది. ట్యాబులో ఒకచోట దాని నంబరు ఉంటుంది, దాన్ని ఆగకుండా ఏడుసార్లు నొక్కమంది. నొక్కాను. 'మీరు ఇప్పుడు డెవలపర్' అని రాసి వచ్చింది. పదో తరగతి గట్టెక్కని నన్ను! ఆ మాటను ఆయనకు చూపిస్తే, ఎన్నాళ్లకో పెదవి కదిపి నవ్వారు.

వైరు తగిలించి, ఆమె ల్యాప్‌టాప్‌లో ఏవో వరసలు కొట్టడం మొదలుపెట్టింది. కొట్టిన ప్రతిసారీ కింద 'సక్సెస్' అని పడుతోంది. తెరంతా కప్పే ఆ ఇంగ్లీషు ముక్కను వెతికి పట్టుకుంది. "తీసేయనా?" అంది. "అడుగుతాండావా ఇంకా!" అన్నాను. సక్సెస్. నేను చప్పట్లు కొట్టాను. ఆమె కూడా కొట్టింది.

అక్కడితో ఆగితే మేమెందుకు అవుతాం? ఇద్దరికీ ఊపు వచ్చేసింది. ఇంకో పేరు కనిపించింది, అనుమానంగా ఉంది, అదీ తీసెయ్. దాని పక్కదాని చూపులు కూడా బాగాలేవు, తీసెయ్. "అదేందో నాకు తెలీదు వదినా" అంటున్నా, "తెలీనిది మన ఇంట్లో ఎందుకు, తీసెయ్" అన్నాను. సక్సెస్, సక్సెస్, సక్సెస్.

"ఇప్పుడు మాట్లాడన్నా" అంటూ ఆడబిడ్డ ట్యాబు అందించింది.

ఆయన రాశారు. వేలు తాకించారు. ఏమీ రాలేదు. మళ్లీ తాకించారు. స్పీకరు చూశాం, వైరు చూశాం, ఆపి మళ్లీ వెలిగించాం. ప్రకటనా లేదు, గొంతూ లేదు. తెలియనిదని తీసేసిన వాటిల్లో మా ఆయన గొంతు కూడా ఉంది.

ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడమంటే ఇదే. ఒకసారి దేవుడు తీసుకుపోతే, రెండోసారి నా చేత్తో నేనే తీసేశాను కదా అని బల్ల మీద తల పెట్టుకుని భోరుమన్నాను. మా ఆయన బల్ల మీదున్న నా సుద్దముక్క తీసుకున్నారు. ఎవరిదో నీలం జాకెట్టు గుడ్డ ముందుకు లాగి, దాని మీద రాశారు. 'ముందు ఇద్దరూ లేచి అన్నం తినండి.'

నేను కంచంలో అన్నం కెలుకుతూ కూర్చున్నాను. ఆడబిడ్డ మాత్రం ఎడం చేత్తో ఫోను చూస్తూనే తింది. సగంలో కంచం ముందు నుంచి లేచింది. తీసేసినవి పూర్తిగా పోవట, ట్యాబు అడుగున ఎక్కడో పడి ఉంటాయట, పేరు పెట్టి పిలిస్తే తిరిగి వస్తాయట. చెయ్యి కూడా కడుక్కోకుండా మోచేతితో ల్యాప్‌టాప్ తెరవబోతే నేనే నీళ్లు పోశాను. ఈసారి తొందర పడలేదు. ఒక్కొక్కదాన్నే వెనక్కి పిలవడం, ఆయన ఒక మాట రాసి చూడడం. గొంతు రాకపోతే తరువాతిది. తెర కప్పేదాని పేరు మాత్రం పిలవలేదు.

ఎన్నోదానికో తెలియదు, ఉన్నట్టుండి గొంతు వచ్చింది.

"మీరిద్దరూ కలిసి నన్ను రెండోసారి మూగోన్ని చేస్తిరి కదే!"

మేం తెర వంకే చూస్తున్నాం. ఇప్పుడొస్తుంది, ఏ నూనె డబ్బానో, ఏ ఇంటి వాయిదానో. రాలేదు. బయట వీధిలో ఉల్లిపాయల బండివాడి కేక ఒక్కటే వినిపించింది. ఇంకా రాలేదు.

"తిట్టు" అన్నాను. "తిట్టవయ్యా, ఇంకా తిట్టు!"

ఆయన తిట్టారు. నా కోపాన్ని, నా తొందరను, ఉప్పు వేసే చేతిని, పెళ్లిలో మా పెద్దనాయన చేసిన మర్యాదల దాకా పోయి తిట్టారు. ఆడబిడ్డ పొట్ట పట్టుకుని నవ్వుతోంది. ఒక్క ప్రకటన రాలేదు. ఆ సాయంత్రమే ఆయన నా గుడ్డముక్కలన్నీ బల్ల మీద రాశి పోసి మాకు వేలం పెట్టారు. నేనూ ఆడబిడ్డా గొంతులు చించుకుని పాడాం. పక్కింటి వాళ్లు వచ్చి, ఏమైందమ్మా అని కిటికీలోంచి చూశారు.

కాయ జోరుగా దిగే రోజు రానే వచ్చింది. మండీ దారి నిండా ట్రాక్టర్లు, గడ్డి వాసన, పచ్చికాయ సొన వాసన. ఆడవాళ్లు మామూలుగా వేలం దగ్గర నిలబడరు. నేను నిలబడ్డాను. ఎవరైనా ఏమైనా అంటే అననీ అనుకుని కాటా పక్కన చోటు చూసుకున్నాను. నంద్యాల మనిషి అప్పటికే వచ్చి ఉన్నాడు, మెడలో కొత్త తువ్వాలు, పక్కన నీళ్ల సీసా.

సావుకారు అటూ ఇటూ చూసి, "ఒక్క రాశి చూద్దామప్పా. తప్పు వస్తే మాత్రం నేనేం చేయలేను" అన్నాడు మా ఆయనతో.

ఆయన రాశి దగ్గర నిలబడి వేలు తాకించారు. స్పీకరు పలికింది. జనం మొదట గుసగుసలాడారు, పోయినసారి పాడిన వ్యాపారి కిసుక్కున నవ్వాడు. ధర పెరుగుతోంది. మండీలో నా జన్మలో వినని సంగతి ఒకటి ఆ రోజు విన్నాను. నిశ్శబ్దం. ఈయన ధర వెతికి వేలు తాకించేదాకా అంత మందీ నోరు మూసుకుని ఆగుతున్నారు. ఒకరి మీద ఒకరు అరిచేవాళ్లు, తల్లి పిలిచినా ఆగనివాళ్లు, ఆయన వేలి వంక చూస్తూ ఆగుతున్నారు.

ఒకటోసారి.

రెండోసారి.

నేను కాటా గొలుసు పట్టుకుని కళ్లు మూసుకున్నాను. ఎంత సేపయిందో. నాకైతే పండ్ల కాలమంతా గడిచిపోయినట్టు ఉంది.

"మూడోసారి" అంది.

కళ్లు తెరిచేసరికి రైతు అప్పుడే కాయలు గంపలకెత్తమని చెబుతున్నాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఎవరూ వింతగా చూడలేదు. రోజూ జరిగేది జరిగినట్టు తరువాతి రాశి వైపు కదిలారు. సావుకారు నంద్యాల మనిషి భుజం మీద చెయ్యి వేసి టీ కొట్టు వైపు నడిపించుకుపోయాడు.

నేను జనాన్ని తోసుకుని మా ఆయన దగ్గరికి పోయాను. నోరు తెరిస్తే ఏడుపొచ్చేట్టుంది. ఆయన నన్ను చూశారు, ఒకసారి తరువాతి రాశిని చూశారు, స్పీకరు ఆపి ట్యాబులో ఏదో గబగబా రాశారు. సన్నగా, నా ఒక్కదానికే వినిపించేట్టు పలికింది.

"ఏమ్మే, నువ్వు ఇంటికి పో. నాకు పనుండాది."

నేను పోలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని, రెండో పాట అయ్యేదాకా ఆ రాశి పక్కనే నిలబడ్డాను.